అవ్వ బొరుగులు చల్లిన రోజు

ఆవిరి ఇంజన్లు తిరిగే ఆ రోజుల్లో మా జంక్షనులో ఎవరి చొక్కా తెల్లగా ఉంటే వాడు పరాయి ఊరి మనిషని లెక్క. మా ఊరివాడు ఏ రంగు చొక్కా కొన్నా నాలుగు ఉతుకుల్లో అది బొగ్గు రంగుకు వచ్చి కుదురుకునేది. ఆరేసిన గుడ్డల మీద మసి, ఎండబెట్టిన వడియాల మీద మసి, పెళ్ళిచూపులకు పోయినవాడి ముక్కుపుటాల్లో మసి. దాన్ని ఎవరూ తప్పుగా అనుకునేవారు కాదు. మసి ఉందంటే ఇంజన్లు ఉన్నట్టు, ఇంజన్లు ఉన్నాయంటే నీళ్ళు ఉన్నట్టు. ఈ చివరి మాట మా అనంతపురం జిల్లా బయటివాళ్ళకు అర్థం కాదు కాబట్టి కాసేపు ఆగి చెబుతాను. (స్టేషను కాని చోట ఆగడం రైల్వేలో పనిచేసినవాడికి అలవాటే.)

మా షెడ్డు వెనక చిన్న పట్టాల లైను ఒకటి కంకర క్వారీ దాకా పోయేది. ఆ లైను మొదట్లో ఏనుగు తొండంలాంటి ఇనప కొళాయి ఒకటి నిలబడి ఉండేది. ఇంజన్ దాని కింద ఆగి నీళ్ళు తాగుతుంది. తాగినన్ని తాగి, కారినన్ని కింద తొట్టిలో కారుస్తుంది. ఆ తొట్టి చుట్టూ బిందెలు. కొళాయికి ఇవతల ఉన్న మా పేటలో బావులు లేక కాదు, ఉన్నాయి. వాటిలో దిగి చల్లగా నిద్రపోవచ్చు, నీళ్ళు మాత్రం ఉండవు. కర్ణాటక వైపు నుంచి వచ్చే మబ్బులు మా నెత్తి మీదుగా పోతూ కనీసం పలకరించేవి కూడా కాదు. రైల్వేవాళ్ళు ఎక్కడో దూరాన తవ్విన బావి నుంచి గొట్టం వేసి తెచ్చిన నీళ్ళే పేటకు అన్నం, స్నానం, పశువుల కుడితి. పెద్ద ఇంజన్లన్నీ స్టేషను దగ్గరి కొళాయిల్లో తాగేవి. మా కొళాయిలో తాగేది ఒక్కటే ఇంజను. దాన్ని మేము అవ్వ అనేవాళ్ళం.

అవ్వ ఎఫ్ క్లాసు ఇంజను. విక్టోరియా రాణి కాలం నాటి రకం. ఆ క్లాసు చరిత్ర నాకు తెలిసినదంతా మా మేనమామ నోట విన్నదే. ఆయన అవ్వకు డ్రైవరు. ఈల కొట్టే తీరును బట్టి ఊరంతా ఆయన్ను సీటీ మామ అనేది (ఇంటికి వస్తున్నాను, ఎసరు పెట్టు అని అత్తకు చెప్పడానికి ఆయనకు ఒక ప్రత్యేకమైన ఈల ఉండేది, ఆ ఈల విని ఇంకో నాలుగిళ్ళలో కూడా ఎసరు పెట్టేవారు). మామ చెప్పిన ప్రకారం ఈ క్లాసు ఇంజన్లు ఇంగ్లండులో తయారై, ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో చేరి, ఓడెక్కి మద్రాసుకు వచ్చాయి. అక్కడ దొరలు దగ్గరుండి బిగించారు. మా అవ్వను బిగించాక ఒక మర బోల్టు మిగిలిపోయిందట. అది ఎక్కడిదో తెలియక దొర జేబులో వేసుకుని వెళ్ళిపోయాడట. అందుకే దానికి ఎడమ పక్క ఎప్పుడూ టకటకమని చప్పుడు. ఈ క్లాసుకు ఆరు చక్రాలు, ఆరూ కలిసే తిరుగుతాయి. తక్కిన ఇంజన్లకు చట్రం లోపల ఉండి చక్రాలు బయటికి కనబడితే, దీనికి చట్రం బయట, చక్రాలు లోపల. చీర మీద పావడా కట్టుకున్నట్టు ఉండేది. అదేమని అడిగితే మామ, "రాణిగారి కాలం ఆడదిరా, దానికి సిగ్గు జాస్తి" అనేవాడు.

పెద్ద కరువు వచ్చినప్పుడు మద్రాసు నుంచి ధాన్యం మూటలు లాక్కొచ్చింది ఈ క్లాసు ఇంజన్లేనని మామ చెప్పేవాడు. ఆ కరువులో గంజి కోసం మట్టి మోసినవాళ్ళు పోసిన కట్ట మీదనే మా క్వారీ లైను పోతుంది. దానికి కరువు కట్ట అనే పేరు. షెడ్డు దాటగానే మొదలై నిటారుగా ఎక్కుతుంది. వయసులో ఉన్నప్పుడు ఈ ఇంజన్లు మెయిలు బండ్లు లాగాయి, నడివయసులో గూడ్సు లాగాయి, ముసలితనంలో కంకర. మనిషి బతుక్కీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు. అవ్వ అక్కచెల్లెళ్ళంతా ఒక్కొక్కరే పాత ఇనుములోకి పోగా, మా వైపు ఇదొక్కటి మిగిలింది.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతి లెక్కలు నన్ను వదిలేశాయో నేను వాటిని వదిలేశానో గాని, మొత్తానికి మేము విడిపోయాం. కొన్నాళ్ళు శనక్కాయల మండీలో మూటలు కుట్టాను. సూది మూటలో కంటే నా వేళ్ళలో ఎక్కువగా దిగుతుండేసరికి, మామ నన్ను షెడ్డులో క్లీనరుగా పెట్టించాడు. అవ్వను తుడవడం నా ఉద్యోగం. రోజూ నూనె గుడ్డతో తుడిచి తుడిచి, ఇంట్లో మా సొంత అవ్వ, "నా కాళ్ళు నొక్కమంటే నొప్పులంటావు, ఆ ఇనప ముండను మాత్రం పొద్దుగూకులూ తుడుస్తావు" అని తిట్టేదాకా వచ్చింది.

ఆయుధ పూజ దగ్గరపడుతుండగా ఫోర్మన్ సారు మామను పిలిచి కబురు చెప్పాడు. డివిజను నుంచి పెద్దసారు వస్తున్నాడు. పూజ రోజే వస్తాడు. అవ్వ పనికొస్తుందో లేదో చూస్తాడు. నిండా కంకర వేసిన వ్యాగన్లతో కరువు కట్ట ఎక్కితే ఉంచుతారు. ఎక్కకపోతే తుక్కుకు పంపి, ఆ లైనుకు లారీలు పెడతారు. ఇంజన్ లేని లైనులో కొళాయి ఎందుకని, గొట్టం కూడా పీకేస్తారు. ఈ మాట ఇంటికొచ్చి మామ చెప్పగానే అత్త చేతిలో చేట అలాగే నిలిచిపోయింది.

"కొళాయి పీకితే మేము యాడికి పోవల్ల నీళ్ళకు?" అంది.

"గార్లదిన్నె కాలవకు పో."

"బిందె నెత్తిన పెట్టుకోని గార్లదిన్నెకా? పోయి వచ్చేసరికి నీ తద్దినం వంట కూడా అయిపోతాది."

"నన్నేమి చేయమంటావే? ఎక్కితే ఎక్కుతాది, లేకుంటే లేదు."

"ఎక్కేట్టు చెయ్యి. ఇన్నేండ్ల నుంచి దాని మూతి కాడ కూచోని బీడీలు తాగడమేనా నీ పని?" అని, నా వైపు తిరిగి, "ఏమ్రా అల్లుడా, పల్లికిలిస్తాండావు. నువ్వూ ఏమన్నా చెయ్యి" అంది.

ఆ ఒక్క మాట అత్త అనకుండా ఉండి ఉంటే ఈ కథ లేదు. నేను చేశాను. చేయగలిగినదానికంటే కొంచెం ఎక్కువే చేశాను.

అవ్వకు ముందర భాగంలో, చక్రాల పైన, రెండు పక్కలా ఇసుక పెట్టెలు ఉంటాయి. పట్టాలు తడిసి చక్రాలు జారినప్పుడు డ్రైవరు ఒక పిడి లాగితే, గొట్టం గుండా ఇసుక చక్రాల కిందికి రాలుతుంది. చక్రం పట్టు దొరకబుచ్చుకుంటుంది. మా జిల్లాలో వానే పడదు కాబట్టి ఆ పిడి లాగిన జ్ఞాపకం మామకే సరిగా లేదు. పెట్టెల్లో ఇసుక గడ్డకట్టి ఉంది. పెద్దసారు మూత తీసి చూస్తే మర్యాద పోతుందని, పూజకు ముందు రోజు ఆ ఇసుకంతా తోడి, జల్లెడ పట్టి, కొళాయి పక్కన గోనెపట్టా మీద ఎండబోశాను. పెట్టెల లోపల కూడా తుడిచి ముఖం కనబడేలా చేశాను. అంత శుభ్రమైన పాత్రలు మా ఇంట్లో కూడా లేవు.

పూజకు ప్రసాదం బొరుగులు, అంటే మరమరాలు. బొరుగుల్లో పుట్నాలు, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి షెడ్డంతా పంచడం మా ఆనవాయితీ. ఆ యేడు అలా కలిపిన మూట మోసుకొచ్చే పని నాది. షెడ్డులో బొరుగులు దాచడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఒక పక్క కోతులు, ఇంకో పక్క ఫిట్టర్లు. కోతులనైనా అదిలించవచ్చు. పూజ కాకముందే మూట సగమైతే అత్త నన్ను బతకనివ్వదు. అప్పుడు నా కంటికి తళతళలాడుతూ రెండు ఇసుక పెట్టెలు కనిపించాయి. మూతలున్నాయి. ఎత్తులో ఉన్నాయి. పైగా పూజ అవ్వకే కదా, ప్రసాదం అవ్వ ఒళ్ళోనే ఉంటే తప్పేముంది? పొద్దున్నే మూట మొత్తం రెండు పెట్టెల్లో సమానంగా పోసి మూతలు వేశాను. పూజ అయ్యాక పంచేసి, ఎండిన ఇసుక తిరిగి పోసి, ఆ తర్వాత ఇంజన్ కదిలిద్దామని నా లెక్క. (లెక్కలు నన్ను ఎందుకు వదిలేశాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.)

పెద్దసారు అనుకున్న దానికంటే ముందే వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు. అరటి పిలకలు, మామిడాకులు, బంతిపూలు కట్టుకుని, నెత్తిన పసుపు కుంకుమలతో పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టున్న అవ్వను చూసి, "ముందు పరీక్ష, తర్వాత పూజ. నాకు మధ్యాహ్నం బండికి తిరిగి పోవాలి" అన్నాడు. ఫోర్మన్ సారు అప్పటికే తల ఊపేశాడు. నేను ఇసుక పెట్టెల మూతల వైపు చూశాను.

మామ మాత్రం ఒక పట్టు పట్టాడు. "దిష్టి తీయకుండా కదిలియ్యను సార్. ఒక్క గుమ్మడికాయ కొట్టనీండి."

"సరే, త్వరగా" అన్నాడు పెద్దసారు.

ఏటా గుమ్మడికాయ షెడ్డు గేటు దగ్గర కొట్టడం వాడుక. కానీ ఆ రోజు కొట్టే భాగ్యం నాకు దక్కింది. దిష్టి అవ్వకు గాని గేటుకు కాదు కదా అని నా తెలివి నాకు చెప్పింది. అందులోనూ అంత పెద్ద పరీక్షకు ఒక్క కాయ ఏం చాలుతుందని, పూజకని శింగనమల నుంచి షెడ్డుకు వచ్చిన కాయలన్నీ తెచ్చాను. అవ్వ ముందు కుడి పట్టా మీద కొట్టాను, ఎడమ పట్టా మీద కొట్టాను, ఇంకొంచెం ముందుకు పోయి, కట్ట ఎక్కడం మొదలయ్యే చోట మళ్ళీ రెండు పట్టాల మీదా కొట్టాను. కుంకుమ కలిసిన గుజ్జు పట్టాల వెంట జాలువారింది. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. ఇసుక సంగతి గుర్తు రాకపోలేదు. వచ్చింది. అయితే ఆకాశం వైపు చూశాను, ఒక్క మబ్బు లేదు. పట్టాలు తడిస్తే కదా ఇసుక కావలసింది అని ధైర్యం చెప్పుకున్నాను. పట్టాలను అప్పుడే నా చేతులతో తడిపి వచ్చానన్న సంగతి నాకు తట్టనే లేదు.

మామ ఈల కొట్టాడు. లోపల ఉరవకొండ అన్న బొగ్గు వేస్తున్నాడు (ఆయన ఫైర్‌మన్, ఊరి పేరే ఆయన పేరు). పెద్దసారు కూడా ఇంజనెక్కి మామ వెనక నిలబడ్డాడు. కొళాయి దగ్గర అత్తతో సహా పేట ఆడవాళ్ళంతా బిందెలు తోముకుంటూ, తోముతున్నట్టు నటిస్తూ, అవ్వనే చూస్తున్నారు.

అవ్వ కదిలింది. ఎడమ పక్క టకటకమంటూ, వెనక కంకర వ్యాగన్లు కిర్రుమంటూ, కట్ట మొదలు దాకా బాగానే వచ్చింది. అక్కడ గుమ్మడి గుజ్జులో కాలు పెట్టింది. ఒక్కసారిగా ఆరు చక్రాలూ ఉన్నచోటనే గిర్రున తిరిగాయి. పొగ గుప్పున లేచింది. బండి మాత్రం అంగుళం కదలలేదు. మామ స్టీము తగ్గించి మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ గిర్రున తిరిగాయి.

"ఏమాయె మామా?" అని ఉరవకొండ అన్న అడగడం కింద ఉన్న నాకు వినిపించింది.

"జారతాంది రా. ఈ ఎండలో ఎందుకు జారుతాదో నాకు తెలీకుండాది. ఇసుక ఇడుస్తా ఉండు."

నేను, "మామా, వద్దు" అని పరుగెత్తాను. ఆవిరి ఇంజన్ పక్కన నిలబడి అరిచినవాడి మాట ఎవరికి వినబడుతుంది? మామ పిడి లాగాడు.

రెండు గొట్టాల నుంచి తెల్లగా, మెత్తగా, సన్నజాజులు రాలినట్టు బొరుగులు రాలాయి. చక్రాల గాలికి కొన్ని ఎగిరి పెద్దసారు తెల్ల చొక్కా మీద పడ్డాయి. కొన్ని చక్రాల కింద పడి గుజ్జులో నలిగాయి. గుమ్మడికాయ, బెల్లం, బొరుగులు కలిసి పట్టాల మీద పాయసం తయారైంది. అవ్వ ఆ పాయసంలో ఇంకా బాగా జారింది. షెడ్డు పైకప్పు మీదున్న కోతులన్నీ ఒక్క దూకులో కిందికి వచ్చాయి. పక్క బీడులో మేస్తున్న మేకల మంద కూడా వచ్చింది. దాని కాపరి వాటిని అదిలిస్తూ వచ్చి, తనూ ఒక గుప్పెడు ఏరుకుని నోట్లో వేసుకున్నాడు.

పెద్దసారు భుజం మీద పడిన పుట్నాల గింజ ఒకటి తీసి చూశాడు. "ఏమిటిది?" అన్నాడు.

మామ కిందికి వంగి, పట్టాలను చూసి, గొట్టాన్ని చూసి, నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు ఒంటి మీద మచ్చలా ఉంది. "ప్రసాదం సార్" అన్నాడు నెమ్మదిగా. "మా అల్లుడు పంచుతాండాడు."

తొట్టి దగ్గర ఆడవాళ్ళ ముఖాలు చూశాను. వాళ్ళలో ఒక ముసలామె అప్పుడే బిందె చంకన పెట్టుకుని లేచి నిలబడింది, ఇక ఈ కొళాయితో పని లేదన్నట్టు. ఆ క్షణంలో నాకు తెలిసింది, నేను పట్టాల మీద పగలగొట్టింది గుమ్మడికాయలను కాదని.

"అత్తా, ఇసుక" అని కేక వేసి గోనెపట్టా దగ్గరికి పరుగెత్తాను. గోనెపట్టా ఖాళీగా ఉంది. నేను జల్లెడపట్టి, ఎండబోసి, మెత్తగా చేసి పెట్టిన ఇసుక చూసి మా పేట ఆడవాళ్ళు, బిందెలు తోముకోవడానికి ఎవరో పుణ్యాత్ముడు పోసి పోయినాడని, తలా కొంగెడు ఎత్తుకున్నారు. మిగిలింది ప్రతి బిందె పక్కనా కుప్పగా ఉంది.

"యా ఇసుకరా?" అంది అత్త.

"మీ చేతుల్లో ఉండేది అవ్వ ఇసుకే అత్తా. పట్టాల మీద పోయండి. తొందరగా."

అత్త కుడి చేత్తో ఇసుక గుప్పిట్లో పట్టి, ఎడమ చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, "రాండే" అంది. పేట మొత్తం లేచింది. కొందరు పీచుతో పట్టాలు రుద్దారు, బిందెలు తోమినట్టే. కొందరు ఇసుక చల్లారు. మేకలను ఒకామె చెంబుతో కొట్టి తరిమింది. కట్ట పొడుగునా, పట్టాకు అటూ ఇటూ, ముగ్గు వేసినట్టు ఇసుక గీతలు పడ్డాయి. వాళ్ళ అవ్వలు మట్టి తట్టలు మోసి పోసిన కట్ట అది. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పుడు నాకున్న ఆలోచనల్లా మామకు అందకుండా ఎటు పారిపోవాలనే.

"ఇప్పుడు పోనీ" అని అత్త మామకు చేయి ఊపింది. ఆయన ఈసారి మామూలు ఈల కొట్టలేదు. ఎసరు ఈల కొట్టాడు. ఎందుకో నాకు తెలుసు, అత్తకు తెలుసు. అవ్వ ఒకసారి జారి, రెండోసారి ఇసుకను కొరికి పట్టుకుంది. మెల్లగా, ఆయాసపడుతూ, ఎడమ పక్క టకటకమంటూ, ఒళ్ళంతా బంతిపూలతో కరువు కట్ట ఎక్కింది. పక్కనే నడుస్తూ ఆడవాళ్ళు కొంగుల్లోని ఇసుక చివరి గింజ దాకా చక్రాల ముందు చల్లుతూ పోయారు. పైకి చేరాక ఆగిన ఇంజన్ నుంచి తెల్లటి ఆవిరి వాళ్ళందరినీ కప్పేసింది.

పెద్దసారు దిగాడు. ఆయన తెల్ల చొక్కా అప్పటికి మా ఊరి చొక్కా అయిపోయింది. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన తన జేబులో పడిన బొరుగులు తీసి, ఒకటి నోట్లో వేసుకుని, నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వేనా క్లీనరువి?"

"అవును సార్."

"ఇంజన్‌కు ఏ దోషమూ లేదు. దాన్ని తుడిచే మనిషికే ఉంది" అన్నాడు. ఫోర్మన్ సారు వైపు తిరిగి, "ఉంచండి. కొళాయి కూడా ఉంచండి. ఈ ఇంజన్‌కు సిబ్బంది చాలామంది ఉన్నట్టున్నారు, వాళ్ళకు నీళ్ళు కావాలి కదా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక అత్త నా కంచంలో అన్నానికి బదులు ఒక గుప్పెడు ఇసుక పోసింది. మామ నవ్వు ఆపుకోలేక పొలమారి దగ్గాడు. మర్నాటి నుంచి నేను ఊరందరికీ బొరుగులోణ్ణి. ఆ తర్వాత నాకు ఉద్యోగం ఖాయమైంది, పెళ్ళయింది, పిల్లలయ్యారు. నా అసలు పేరు మాత్రం పెళ్ళి శుభలేఖలో తప్ప మళ్ళీ ఎక్కడా కనబడలేదు.

మామ రిటైరయ్యేదాకా అవ్వ పనిచేసింది, ఆ తర్వాత కూడా తుక్కుకు పోలేదు. అప్పటికి పేటలోకి ఇంటింటి కొళాయిలు వచ్చాయి. ప్రతి ఆయుధ పూజకు మామ ఇసుక పెట్టె మూత తెరిచి, ఇసుక మీద ఒక గుప్పెడు బొరుగులు వేసేవాడు. నన్ను ఉడికించడానికే వేసేవాడు. వేసి, "అల్లుడా, సరిపోతాయా, ఇంకా పోద్దునా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆయన తర్వాత ఆ పని అత్త చేసింది. అత్త కూడా పోయాక ఒకటి రెండేళ్ళు నేనే వేశాను, ఉడికించేవాళ్ళు లేకపోతే బాగుండదని.

ఇప్పుడు అవ్వ స్టేషను ముందర సిమెంటు దిమ్మె మీద నల్ల రంగు వేసుకుని నిలబడి ఉంది. పక్కన బోర్డు. విక్టోరియా రాణి కాలం నాటి ఎఫ్ క్లాసు అని, ఇంగ్లండులో తయారైందని, అంతే. మిగిలిన మర గురించి లేదు, ధాన్యం మూటల గురించి లేదు. మొన్నటి ఆయుధ పూజకు మోకాళ్ళ నొప్పులతో ఈడ్చుకుంటూ, చేతిలో చిన్న బొరుగుల పొట్లంతో పోయాను. నేను చేరేసరికే కుర్ర సిబ్బంది అలంకారం చేసేశారు. గుమ్మడికాయ గేటు దగ్గర, పట్టాలకు చాలా దూరంగా కొట్టారు. ఒక కుర్రవాడు నిచ్చెనెక్కి ఇసుక పెట్టె మూత తీసి, లోపల ఒక గుప్పెడు బొరుగులు వేస్తున్నాడు. కింద మెడలో కెమెరా వేసుకున్న హైదరాబాదు అబ్బాయి ఎవరో, పాత ఇంజన్ల గురించి రాసుకునేవాడట, అదెందుకని అడుగుతున్నాడు.

"పూర్వం నుంచి ఉండాది సార్" అన్నాడు నిచ్చెన మీది కుర్రవాడు. "ఈ క్లాసు ఇంజన్లకు ఇట్ల వేయల్లంట. రాణి కాలంలో దొరలు పెట్టిన ఆచారం."

హైదరాబాదు అబ్బాయి ఫోనులో అదంతా ఎక్కించుకున్నాడు. నేను నా పొట్లం పట్టుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగాను. కుర్రవాడు పైనుంచి చూసి, "పెద్దాయనా, రవంత పక్కకు రాప్పా. పూజ ఐనాక ప్రసాదం ఇస్తాం. ఇది పాతకాలం పద్ధతి, నీకు తెలీదు" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా" అని పక్కకు జరిగాను. చదువుకున్నవాళ్ళ పుస్తకాల్లో ఎక్కే యోగం నాకు లేదనుకున్నాను గాని, ఇంగ్లండు దొరల పక్కన, పేరు లేకుండానైనా, ఒక గుప్పెడంత చోటు దొరికింది. దిమ్మె నీడన కూర్చుని పొట్లం విప్పుకుని తిన్నాను. ఆ తిండికి నాతో పాటు ఒక మేక కూడా వచ్చింది. దాని ముఖం చూస్తే ఆ రోజు వచ్చిన మందకు మనవరాలిలాగే ఉంది. సగం దానికి పెట్టాను.